బాపు ఉన్నదని ఒప్పుకున్న రోజు

"ఆయన్ని మీరు సాదుతున్నరా, మిమ్మల్ని ఆయన సాదుతున్నడా?"

కరీంనగర్‌లో విదేశీయుల కాగితాలు చూసే పోలీసు అధికారి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ముందున్న ఫైలు ఇంకా తెరవలేదు. తెరిచేముందే ఆ సంగతి తేల్చుకోవాలనుకున్నట్టున్నాడు.

"నేనే సాదుతున్న సార్" అన్నాను.

అంత ఘనమైన మాట జీవితంలో ఒకసారైనా చెప్పగలననీ, చెప్పేటప్పుడు అరచేతులకు చెమట పడుతుందనీ అనుకోలేదు. పక్క కుర్చీలో మా ఆయన మర్యాదగా నవ్వుతూ కూర్చున్నాడు. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. అయినా ఒకరి పోషణలో ఉన్న మనిషి ఎంత ఒద్దికగా కూర్చోవాలో అంత ఒద్దికగానే కూర్చున్నాడు.

మా ఆయనది ఫిలిప్పీన్స్. గల్ఫ్‌లో ఇద్దరం ఒకే ఆస్పత్రిలో పనిచేశాం. నేను రక్తపరీక్షల ల్యాబులో, ఆయన వంటశాలలో. రోగుల ఒంట్లోంచి తీయడం నా పని, ఒంట్లోకి పంపడం ఆయన పని. కాంట్రాక్టులు ముగిశాక బోథ్ పక్కన ఉన్న మా ఊరికి వచ్చి, మా మెథడిస్టు చర్చిలో పెళ్లి చేసుకున్నాం. మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు బంగారం తెస్తారు, టీవీ తెస్తారు, పెద్ద పులి బొమ్మున్న దుప్పట్లు తెస్తారు. నేను మొగుణ్ణి తెచ్చాను. విమానాశ్రయంలో ఎవరూ పన్ను అడగలేదు. అది తర్వాత వాయిదాల్లో కట్టాలని అప్పుడు తెలియదు.

నాకు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం దొరికింది. భారతీయురాలి భర్తగా ఆయనకిచ్చిన వీసాకు ఒక గడువుంది. అది ముగిసేలోగా పొడిగింపు రావాలి. రాకపోతే ఆయన దేశం వదిలి వెళ్లాలి, అక్కణ్నుంచి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి, అది ఎప్పుడు తేలుతుందో చెప్పగలిగినవాళ్లు నాకెవరూ కనపడలేదు. పొడిగించాలంటే ప్రభుత్వానికి రెండు సంగతులు రుజువు కావాలి. మేం నిజంగానే కాపురం చేస్తున్నామన్నది ఒకటి. ఆ వీసా మీద ఆయన ఇక్కడ సంపాదించకూడదు కాబట్టి, ఆయన తిండికీ బట్టకీ మందులకీ నాకు స్తోమత ఉందన్నది రెండోది. దానికి హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. చర్చిలో పాస్టరు గారి ముందు నేను కలిమికీ లేమికీ రెండింటికీ సరేనన్నాను. ప్రభుత్వం మాత్రం కలిమికే ఒప్పుకుంటుంది.

అధికారి ఫైలు తెరిచాడు. పాస్‌పోర్టు, పెళ్లి పత్రం, ఫొటోలు, ఇంటి అద్దె ఒప్పందం చూస్తూ తిప్పాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు.

"మేడం, గిదేంది?"

"రేషన్ కార్డు జిరాక్స్ సార్. అడ్రస్ ప్రూఫ్."

"రేషన్ కార్డు ఎవలకిస్తరు?"

ఆయనే ఓపిగ్గా అన్నాడు. "లేనోళ్లకిస్తరు. మరి లేనోళ్లు ఇంకొకల్ని ఎట్ల సాదుతరు? మీరే చెప్పుండ్రి."

కాగితాల మీద ఎంతో శ్రద్ధ పెట్టాననుకున్నాను. సర్కారు ఉన్నదని రుజువు అడిగితే, లేదని రుజువు జతచేసి, దాని మీద సంతకం కూడా పెట్టి తెచ్చాను. దీనికి తెలివితక్కువతనం ఒక్కటే చాలదు, పెంపకం కూడా కావాలి. మా దగ్గర ఏ దరఖాస్తుకైనా రేషన్ కార్డు నకలు లేకుండా ఉండదు. బడిలో చేర్చడానికీ పెడతాం, స్కాలర్‌షిప్పుకీ పెడతాం, సిమ్ కార్డుకూ పెడతాం. కోర్టు రోడ్డు మీద జిరాక్స్ దుకాణంలో నా కాగితాలకు పిన్ను కొట్టిన పెద్దమనిషి కూడా, "రేషన్ కార్డు ఏది అక్కా? అది లేకుంటే ఫైల్ బోసిపోతది" అన్నాడు. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు కార్డులో నా పేరు ఇంకా అలాగే ఉంది. పెళ్లయ్యాక తీయించాలట. మా ఊళ్లో కార్డులోంచి పేరు పోవాలంటే మనిషి పోవాలి.

"జీతం?" అన్నాడు అధికారి.

బ్యాంకు కాగితం చూపించాను. మా ఆస్పత్రిలో జీతం సగం బ్యాంకులో పడుతుంది, సగం కవర్లో వస్తుంది. కవరుకు రుజువు అడిగితే, అసలు కవరే లేదంటారు. కాబట్టి కాగితం మీద నేను నాలో సగాన్ని.

అధికారి చెడ్డవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. "మీ నాయినకు భూమున్నదా?"

"ఉన్నది సార్. పత్తి, సోయా."

"అయితే ఓ పని చేద్దాం. ఎట్లయినా మీ సొంతూరికి ఎంక్వైరీ పోవాలె. బోథ్ దిక్కు నుంచి ఒకాయన పోయి చూసి రాస్తడు. ఇల్లు, భూమి, పంట ఉన్నయి, అవసరమొస్తె తల్లిదండ్రుల ఆదరువు ఉన్నది అని రాస్తె చాలు, మీ సగం జీతానికి అది జోడైతది. గా రిపోర్టు నిలవడితెనే నేను పైకి పంపుత. గడువు దగ్గరకొచ్చింది, చూస్కోండ్రి."

బయటికొచ్చి మెట్ల మీదే నిలబడి బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, మన ఇంటికి ఎంక్వైరీకి ఒక సారు వస్తడు. మీ అల్లుని వీసా ముచ్చట. జర మంచిగ మాట్లాడు."

"నాకు చెప్తున్నవా బిడ్డా? నీ పెండ్లికి ముందుకెల్లి ఎన్ని ఎంక్వైరీలు చూడలే నేను! ఫికర్ చెయ్యకు."

ఆ మాటకు నాకు ధైర్యం రావడం, ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు చేసిన రెండో తప్పు.

మేం ఉండే ఇంటి ఓనరు ఇనుప సామాన్ల వ్యాపారి. నమాజుకు పోయి వస్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఏమైంది బేటీ, వీసా పని?" అని రోజూ అడిగేవాడు. నేను ఆస్పత్రికి పోయినప్పుడు మా ఆయన్ని కూడా అడిగేవాడు. మా ఆయన తెలుగు నేర్చుకున్నది బాపు దగ్గర. రోజూ సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టి బాపు అన్నదల్లా తిరిగి అనేవాడు. పంట ఎట్లుందన్నా, ఒళ్లు ఎట్లుందన్నా బాపు ఒకే జవాబు చెబుతాడు కాబట్టి, మా ఆయనకు ఆ జవాబు నోటికి వచ్చేసింది. "ఏమున్నది, ఎట్లనో ఎల్లదీస్తున్నం." బాగున్నామని చెప్పే తీరు అదేననుకున్నాడు. ఓనరుకు రోజూ నవ్వుతూ అదే చెప్పేవాడు. ఒకనాడు ఓనరు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "బేటీ, కిరాయి జర లేటైనా పర్వాలేదు. మీరు పరేషాన్ కావద్దు."

ఇంట్లో బీరువా మీద మా ఆయన సూట్‌కేసు ఉండేది. వచ్చిననాటి నుంచి పూర్తిగా ఖాళీ చేయలేదు. పోలీసు కార్యాలయం నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ, ఏమన్నారని నన్ను అడగకుండా, కుర్చీ ఎక్కి దాని మీది దుమ్ము తుడిచేవాడు. ఆ వారాల్లో మా ఇంట్లో అంత శుభ్రంగా ఉన్న వస్తువు మరొకటి లేదు. నేనూ ఏమీ అనేదాన్ని కాదు. మేం మాట్లాడుకోవడం తగ్గి, వంటలు పెరిగాయి. ఆయన ఎండు చేపలు రకరకాలుగా వండేవాడు, నేను ఉప్పు సరిపోయిందనేదాన్ని. అంతకంటే పెద్ద సంగతి ఏది ఎత్తినా అది గడువు దగ్గరికే వెళ్లేది.

ఒక ఉదయం ల్యాబులో ఉండగా బాపు ఫోన్ చేశాడు. గొంతులో పొంగు.

"బిడ్డా, ఎంక్వైరీ సారు నిన్న అచ్చి పోయిండు. నీ పని పక్కా అయినట్టే."

"ఏం చెప్పినవ్ బాపూ?"

"ఏం చెప్తరు ఎంక్వైరీకి? మనకేం లేదని చెప్పిన."

చేతిలో ఉన్న రక్తపు నమూనాను స్టాండులో పెట్టాను. అది ఎవరిదో పాపం, నా చేతిలో ఉండటం మంచిది కాదనిపించింది.

"పోయినేడు వానకు పత్తంత కరాబైంది, తినేటందుకే కష్టమున్నదని చెప్పిన. మోటర్ బండిని కొట్టంల గడ్డి కింద పెట్టిన. ఫ్రిజ్ మీద చద్దర్ కప్పిన. మీ అవ్వ దానిమీద బైబిలు పెట్టింది. సారు బల్ల అనుకున్నడు! మీ అవ్వ కమ్మలు తీసి బియ్యం డబ్బల ఏసింది. పక్కింటోళ్లు గూడ మంచిగ సాక్ష్యం చెప్పిండ్రు, మస్తు గరీబోళ్లు సార్ అని."

"నా గురించి ఏం చెప్పినవ్?"

"నీకు జీతం సరిగ రాదు, మేమే ఇక్కడికెల్లి బియ్యం పంపుతున్నమని చెప్పిన." కాసేపు ఆగి, నా మెచ్చుకోలు కోసం ఎదురుచూశాడు. "ఏం బిడ్డా, మాట్లాడవేంది?"

బాపును తప్పుపట్టడం అంత తేలిక కాదు. మా ఊరికి సర్కారు మనిషి వచ్చాడంటే ఏదో ఒక జాబితాకే వస్తాడు. కార్డు ఉంచాలా, తీసేయాలా? పింఛను ఇవ్వాలా, ఆపాలా? సర్కారు కట్టించే ఇళ్ల జాబితాలో పేరు ఉండాలా, పోవాలా? నీ దగ్గర ఉన్నదా అని అడిగి, ఉన్నదంటే ఇంకొంచెం ఇచ్చి పోయిన సారును మా ఊరు ఇంతవరకు చూడలేదు. మేం ఉన్నవాళ్లం కాదు, లేనివాళ్లమూ కాదు. ప్రభుత్వ కాగితాల్లో ఆ మధ్య గడి లేదు. అందుకని మా బాపు తరం మొత్తం ఒక విద్య నేర్చుకుంది. సారు గడప తొక్కగానే ఇంట్లో ఉన్నవన్నీ లేకుండా పోవాలి. బాపు ఆ విద్యలో ఊళ్లో అందరికంటే పైన ఉంటాడు. వీసా ముచ్చట అని నేను చెప్పాను. ఆయన చెవికి మాత్రం ఎంక్వైరీ అన్న ఒక్క మాటే చేరింది.

ఎంక్వైరీ చేసిన అధికారి నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, ఆయన ఆవలిస్తూ చెప్పాడు. "రిపోర్టు రాసుడు అయిపోయిందమ్మా. ఎల్లుండి పంపుత. మార్చాల్నంటె మీ నాయినను తీస్కొని రేపు పొద్దుగాల రా. పంపినంక నా చేతుల ఉండది."

సెలవు అడిగి, ఇంటికి వెళ్లి, ఎక్కడికి అని అడగకుండానే చొక్కా మార్చుకున్న మా ఆయన్ని తీసుకుని బస్సెక్కాను. జగిత్యాల దాటేవరకు జరిగింది చెప్పలేకపోయాను. మేమిద్దరం గల్ఫ్ ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. అందులో "మా నాన్న మనల్ని కాపాడటానికి మనం అడుక్కుతినేవాళ్లమని చెప్పాడు" అన్నది సరిగ్గా రాదు. ఎలాగో చెప్పాను.

"మంచివాడు మీ నాన్న" అన్నాడు ఆయన. "నా సూట్‌కేసు కూడా తెచ్చుంటే బాగుండేది."

జోకు వేశాడో లేదో తెలియలేదు. నిర్మల్‌లో బస్సు మారి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయన నా చేయి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మలుపుల వల్ల అని ఇద్దరం అనుకున్నాం.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ కమ్మలు తిరిగి పెట్టుకుంది. ఫ్రిజ్ ఫ్రిజ్‌లాగే కనిపిస్తోంది. నేను సంగతంతా చెప్పాక బాపు గడప మీద కూలబడ్డాడు.

"నువ్వు ముందుగాల చెప్పకపోతివి, ఉన్నదని చెప్పాల్నని."

"ఉన్నది ఉన్నట్టు చెప్తవనుకున్న."

"ఎంక్వైరీకి ఉన్నది ఉన్నట్టు ఎవడు చెప్తడు?" నా చదువు మీద జాలిపడ్డాడు బాపు. "సరే, రేపు మార్చి చెప్పుమంటవు. చెప్పిన అనుకో. గా కాగితం ఎంపీడీవో ఆఫీసుకు పోదా? మొన్ననే ఇండ్ల లిస్టుల పేరు అచ్చింది. వాన పడితె ఏ మూలకు మంచం జరపాల్నో నీకెర్కనే. ఉన్నోన్ని అని ఠాణల సంతకం పెట్టినంక కార్డు ఉంటదా, ఇల్లు ఉంటదా?"

పోదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ నాకు నిజంగా తెలియదు. పోలీసుల కాగితం ఎంపీడీవో ఆఫీసుకు పోతుందో లేదో తెలిసిన మనిషి ఈ జిల్లాలో ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఒక ఇంటి కప్పు, ఒక మనిషి వీసా. రెండూ ఒకే సంతకం కింద ఇరుక్కుంటాయని హామీపత్రంలో ఎక్కడా రాయలేదు.

"తెల్వదు బాపూ" అన్నాను.

బాపు తలూపాడు. అబద్ధం చెప్పనందుకు సంతోషించాడో, చెప్పుంటే బాగుండేదనుకున్నాడో. మా ఆయన ఈ మాటలేవీ అర్థం కాక, అర్థమైనట్టే భయపడి, పశువుల కొట్టంలోకి పోయి గడ్డి కింద నుంచి బాపు బండిని బయటకు లాగి తుడవడం మొదలుపెట్టాడు. ఆయనకు భయమేస్తే ఏదో ఒకటి తుడవాలి.

అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉన్న అవ్వ గరిటెతోనే బయటకు వచ్చింది.

"కోత పండుగకు చర్చిల వేలం పెట్టినప్పుడు, గుమ్మడికాయకు ఎంత పాడినవయ్యా? పెద్ద రైతులంత మూతి మూసుకున్నరు. గప్పుడు లేని గరీబుతనం గిప్పుడెట్లచ్చింది?"

"గది దేవునికి. గిది సర్కారుకు."

"దేవునికి ఉన్నోనివి, సర్కారుకు లేనోనివి. మరి అల్లునికి ఏమైతవు?"

బాపు కొట్టం వైపు చూశాడు.

"రేపు ఆ పిలగాడు విమానం ఎక్కి పోయిండనుకో. ఊరంత అడుగుతది, మీ అల్లుడేడి అని. ఏం చెప్తవు? అల్లునికి బువ్వ పెట్టలేక దేశం దాటిచ్చినమని చెప్తవా?"

మా ఊళ్లో మనిషిని ఎన్ని మాటలైనా అనొచ్చు. అప్పులవాడంటే నవ్వి ఊరుకుంటాడు, తాగుబోతంటే తగాదా పెట్టుకుంటాడు. అల్లుడికి అన్నం పెట్టలేదంటే మాత్రం తలెత్తుకోలేడు. బాపు లేచి కొట్టం దగ్గరికి పోయి, కాసేపు మా ఆయన బండి తుడవడం చూస్తూ నిలబడ్డాడు.

"అద్దం గూడ తుడువు" అన్నాడు కటువుగా. తిరిగి వచ్చి అవ్వతో, "పొద్దుగాల నా తెల్లంగి తియ్యి" అన్నాడు.

మర్నాడు బోథ్ ఠాణా వరండాలో మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టారు. తెల్లంగిలో బాపు పెళ్లికి పోతున్నవాడిలా ఉన్నాడు, మొహం మాత్రం పంటి డాక్టరు దగ్గరికి వచ్చినవాడిదిలా ఉంది. దారిపొడుగునా నేను పాఠం చెప్పాను. నిజమే చెప్పు, ఉన్నదంతే చెప్పు, ఎక్కువ వద్దు, తక్కువ అసలే వద్దు. ప్రతిదానికీ తలూపాడు. ఆ తలూపడాన్ని నేను నమ్మలేదు.

ఎంక్వైరీ చేసిన అధికారి లోపలికి పిలిచి, ముందు తాను రాసిన రిపోర్టు పైకి చదివాడు. కుటుంబం కడు బీద స్థితిలో ఉన్నదనీ, కుమార్తెకు స్థిరమైన ఆదాయం లేదనీ, అల్లుని పోషణ వీరికి భారమనీ. వింటూ బాపు అలవాటుగా కళ్లు దించి నిట్టూర్చాడు. పని అంత బాగా కుదిరింది. నేను గోరుతో ఆయన చేతిని గిల్లాను.

"ఇప్పుడు ఇదంత కాదంటవా?" అన్నాడు అధికారి.

"కాదు సార్" అన్నాడు బాపు. ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"మరి మొన్న అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

బాపు నా వంక చూశాడు. ఈ ప్రశ్న పాఠంలో లేదు. "అలవాటు సార్" అన్నాడు.

అధికారి కొత్త కాగితం తీశాడు. "పంట పండిందా?"

"ఏం పండుతది సార్, వానలు..." నేను దగ్గాను. బాపు గొంతు సవరించుకున్నాడు. "పండింది సార్."

"ఎట్ల?"

బాపు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. అక్కడేమీ సాయం దొరకలేదు. "మంచిగనే."

ఆ ఒక్క మాట కోసం ఆయన ఎంత కష్టపడ్డాడో చూశాక, ఇక ఏదీ అడగవద్దని నేనే అధికారిని బతిమాలుకుందునేమో.

"అప్పులున్నయా?"

"ఉన్న... లెవ్వు సార్. ఉన్నయి గని, కడ్తున్న."

"ఇంట్ల ఏమేమున్నయి?"

"టీవీ ఉన్నది. బండి ఉన్నది. ఫ్రిజ్ ఉన్నది సార్."

అధికారి పెన్ను ఆగింది. "నేనచ్చినప్పుడు ఫ్రిజ్ ఎటు పోయింది?"

"చద్దర్ కింద సార్."

"బైబిలు పెట్టిన బల్లనా?"

"అదే సార్."

మొన్న చెప్పిన మాట నమ్మాలో, ఇప్పటి మాట నమ్మాలో నిర్ణయించే హక్కు పూర్తిగా అధికారిదే. మొన్న అబద్ధమాడినవాడు నేడు ఆడడని ఎవరు చెప్పగలరు? ఇది రాయించడానికి నేను నేర్పించానని ఆయన అనుకుంటే తప్పేముంది? నేర్పించాను కూడా. ఆయన చాలాసేపు బాపు వంక చూసి, తర్వాత నా వంక చూసి, చివరికి మా ఆయన వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. తిండి మంచిగ పెడ్తున్నరా?" అని, అన్నం తింటున్నట్టు చేయి చూపించాడు.

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఉదయం నుంచి అర్థమైన మొదటి ప్రశ్న. నేను ఆపేలోపే, బాపు ఉచ్చారణతో, బాపు నిట్టూర్పుతో సహా చెప్పేశాడు.

"ఏమున్నది సార్, ఎట్లనో ఎల్లదీస్తున్నం."

నాకు సూట్‌కేసు గుర్తొచ్చింది. బాపు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అధికారి పెన్ను కింద పెట్టాడు. "గీయనకు గీ మాట ఎవలు నేర్పిండ్రు?"

మా ఆయన ఎంతో గౌరవంగా చూపించాడు. "బాపు."

"రోజు మాట్లాడుతరా బాపుతోని?"

"రోజు."

అధికారి నవ్వలేదు. కనీసం మాకు కనపడేలా నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి ఏదో సర్దుకున్నాడు. తర్వాత తల వంచుకుని రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. బాపును సంతకం పెట్టమన్నాడు. బాపు పెన్ను పట్టుకుని, కాగితం మీద పెట్టి, ఆగి, తలెత్తి ఒక్కమాటే అడిగాడు.

"సార్, గీ కాగితం ఏడిదాక పోతది?"

"పైకి పోతది."

అంతకంటే ఎక్కువ ఆయనకూ తెలియదనిపించింది. బాపు సంతకం పెట్టాడు.

ఆ తర్వాత చేయడానికేమీ లేదు. కరీంనగర్‌లో అధికారి రిపోర్టు అందిందని చెప్పి, పైకి పంపానన్నాడు. పైన ఏముందో ఎవరూ చెప్పరు. గడువు దగ్గరపడ్డ కొద్దీ మా ఆయన సూట్‌కేసు తుడవడం మానేశాడు. నాకు దాంతో ఇంకా భయమేసింది. పొడిగింపు వచ్చినట్టు ఫోన్‌లో మెయిలు వచ్చినప్పుడు ఆయన ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. చదివి వినిపించాను. ఇంకొక్కసారి చదవమన్నాడు. కోయడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, కుర్చీ ఎక్కి సూట్‌కేసు దించాడు. అందులో ఉన్న బట్టలన్నీ బీరువాలో సర్ది, ఖాళీ అయిన దానిలో చలికాలం దుప్పట్లు పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డలని చెప్పాడు. ఒప్పుకున్నాను.

పొడిగింపు శాశ్వతం కాదు. గడువు అయ్యేలోగా మళ్లీ ఇదంతా ఉంటుంది. ఈసారి ఫైలులో రేషన్ కార్డు పెట్టను, జిరాక్స్ పెద్దమనిషి ఏమనుకున్నా సరే.

బాపుకు ఫోన్ చేసి చెప్తే, "మంచిగైంది" అని ఊరుకున్నాడు. ఆయన భయం ఇంకా తీరలేదు. కొత్త నెలలో రేషన్ దుకాణానికి పోయేరోజు అవ్వను వెంట రమ్మన్నాడట. మిషను మీద వేలు పెట్టేముందు అంగీకి తుడుచుకున్నాడట. ఇండ్ల జాబితా అంటించిన గోడ దగ్గరకు కూడా పోయి, కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడట.

ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం ఉండాలి. ఉంది కూడా. దాని కింద ఇంకేదో ఉంది.

"బియ్యం అచ్చినయి బిడ్డా. లిస్టుల పేరు గూడ ఉన్నది."

"ఇంకేంది బాపూ, మంచిదే గదా!"

"మంచిదే." ఈసారి అంతటితో ఊరుకోలేదు. "పోలీసోళ్ల ముందల తెల్లంగి ఏస్కొని ఉన్నదని చెప్తిని గదా. బుద్ధి పుట్టినకాన్నుంచి మొదటిసారి. ఒక్కడు గూడ నమ్మినట్టు లేడు."